నీటిరంగుల చేతికి సాఫ్ట్ పాస్టెల్ అలవాటు చేయడం

పదిహేనేళ్ళుగా నీటిరంగులే వేస్తున్నాను. కాగితం తడపడం, రంగు వదలడం, అది ఎటు పారుతుందో చూసి ఆపడం, ఇవన్నీ నిద్రలో లేపి చేయమన్నా చేస్తాను. అలాంటిది సాఫ్ట్ పాస్టెల్ (సుద్దముక్కలా పొడి రాలే రంగు ముక్క) పట్టిన మొదటి నెలలో వేసిన పది పన్నెండు బొమ్మలూ ఒకే రకంగా చెడిపోయాయి. రంగులన్నీ కలగాపులగమై, బూడిద పూసి తుడిచినట్టు తయారయ్యాయి. ఎందుకలా అవుతోందో తెలియడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. చేతిలో ఉన్నది పాస్టెలే గానీ చెయ్యి మాత్రం ఇంకా నీటిరంగులే వేస్తోంది.

నీటిరంగులో, ఆక్రిలిక్కో, ఆయిలో బాగా వచ్చి ఉండి, పాస్టెల్ కూడా ఒకసారి పట్టి చూద్దాం అనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. బొమ్మలు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్ళకీ పనికొస్తుంది, పైగా వాళ్ళకి మర్చిపోవాల్సిన అలవాట్లు లేవు కాబట్టి కొంచెం సులువు కూడా.

కొనేటప్పుడు

షాపుకెళ్ళి పాస్టెల్స్ ఇవ్వండి అంటే చాలాచోట్ల ఆయిల్ పాస్టెల్స్ చేతిలో పెడతారు, ఎందుకంటే స్కూలు పిల్లలు ఎక్కువగా కొనేవి అవే. రెండూ పూర్తిగా వేరు. కాగితం మీద గీసి వేలితో రుద్ది చూడండి. మైనంలా జిడ్డుగా అంటుకుంటే ఆయిల్ పాస్టెల్, మెత్తటి పొడిలా వేలికొస్తే సాఫ్ట్ పాస్టెల్. సాఫ్ట్ పాస్టెల్‌లో ఉండేది రంగు పొడి, సుద్దలాంటి తెల్లపొడి, అవి విడిపోకుండా పట్టి ఉంచడానికి కొద్దిగా జిగురు. పాతకాలం నుంచీ ట్రాగకాంత్ అనే చెట్టు బంకని ఇందుకు వాడుతున్నారు. నూనె లేదు, నీళ్ళు లేవు, ఆరడం అనేదే లేదు. నీటిరంగు ఆరితే లేతగా మారుతుంది, ఆక్రిలిక్ ఆరితే ఒక పిసరు ముదురుతుంది, మనం ఆ తేడాని లెక్కలో పెట్టుకుని వేస్తాం కదా, ఇక్కడ ఆ లెక్కే అక్కర్లేదు. కాగితం మీద ఇప్పుడు కనపడుతున్న రంగే రేపూ ఉంటుంది. నాకు ఈ మీడియం మీద మనసు పడింది మొదట అందుకే.

పాస్టెల్స్ గట్టిదనంలో రకాలున్నాయి. కాంటే లాంటివి గట్టివి, సన్నని గీతలకి, మొదటి పొరలకి పనికొస్తాయి. రెంబ్రాంట్ లాంటివి మధ్యరకం. సెనెలియర్, ష్మింకె లాంటివి వెన్నలా ఉంటాయి, ముట్టుకుంటే రంగు వచ్చేస్తుంది, ఖరీదు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. మొదటిసారే వంద రంగుల ఖరీదైన డబ్బా కొనకండి. మధ్యరకంవి, సగం ముక్కల సైజులో వచ్చే ముప్పై నలభై రంగుల సెట్టు ఏదైనా చాలు. ఫేబర్ కాస్టెల్, మున్గ్యో లాంటివి మన దగ్గర ఆన్‌లైన్లో దొరుకుతాయి. దాంతోపాటు విడిగా ఇంకో అయిదారు ముక్కలు తీసుకోండి: బాగా ముదురు నీలం, ముదురు ఊదా, ముదురు ఆకుపచ్చ, ముదురు గోధుమ, ఇంకా వెన్నలాంటి మెత్తని తెలుపు ఒకటి, లేత పసుపు ఒకటి. మామూలు సెట్లలో చూడటానికి ముద్దుగా ఉండే మధ్య రంగులే ఎక్కువ, ముదురువి చాలా తక్కువ. ముదురు లేకపోతే బొమ్మ ఎంత వేసినా పాలిపోయినట్టే ఉంటుంది. నా మొదటి నెల బొమ్మల పాపంలో సగం వాటా దీనిదే.

డబ్బా ఇంటికి రాగానే చేయాల్సిన పని ఒకటుంది, ప్రాణం ఒప్పదు గానీ చేయండి. ముక్కల మీద చుట్టిన కాగితం తీసేసి, ఒక్కోదాన్నీ రెండుగా విరవండి. కాగితం చుట్టిన పొడవాటి ముక్క చేతిలో ఉంటే పెన్సిల్ పట్టినట్టు పట్టి గీతలు గీస్తాం. అంగుళం ముక్కని పడుకోబెట్టి పక్కతో లాగితే ఒక్క ఊపులో వెడల్పాటి పట్టీ పడుతుంది, అదే మీ ఫ్లాట్ బ్రష్షు. అంచుతో లాగితే సన్నగీత, మూలతో నొక్కితే చుక్క. పేరు, నంబరు కావాలంటే కాగితాన్ని ఒక నోట్‌బుక్కులో అంటించి పక్కన ఆ రంగు రుద్ది పెట్టుకోండి, అయిపోయాక మళ్ళీ అదే కొనాలంటే కావాలి కదా.

కాగితం

రంగుల మీద పెట్టే డబ్బు కొంచెం తగ్గించి అయినా కాగితం మీద పెట్టండి. నున్నటి కాగితం మీద పాస్టెల్ నిలవదు, దానికి గరుకు కావాలి, ఆ గరుకు సందుల్లో పొడి ఇరుక్కుని కూర్చుంటుంది. కాన్సన్ వాళ్ళ మీ తేంత్ కాగితం 160 జీఎస్ఎం (చదరపు మీటరుకి 160 గ్రాములు), రకరకాల రంగుల్లో వస్తుంది. దానికి ఒకవైపు తేనెపట్టులాంటి గళ్ళుంటాయి, రెండోవైపు కాస్త సాఫీగా ఉంటుంది. ఆ గళ్ళు బొమ్మలో ముఖం మీదా, ఆకాశం మీదా అచ్చుగుద్దినట్టు కనపడి చికాకు పెడతాయి కాబట్టి నేను రెండోవైపే వాడతాను. ఇది నాలుగైదు పొరలు పడుతుంది, తర్వాత ఇంక రంగు ఎక్కదు, జారిపోతుంది.

పొరలు ఎక్కువ కావాలంటే ఇసుక పూత ఉన్న కాగితం కావాలి. యూఆర్ట్ అని ఒకటుంది, దానికి మన ఉప్పుకాగితానికి లాగే నంబర్లుంటాయి, 400 నంబరు మొదలుపెట్టడానికి బాగుంటుంది. పాస్టెల్‌మ్యాట్ ముట్టుకుంటే మెత్తగానే ఉంటుంది గానీ రంగుని గట్టిగా పట్టుకుంటుంది. ఈ రెండూ నీళ్ళకి తట్టుకుంటాయి. సెనెలియర్ లా కార్ట్ చాలా బాగుంటుంది గానీ దానిమీద నీటిబొట్టు పడితే పూత ఊడి వచ్చేస్తుంది, నీటిరంగుల వాళ్ళం కాబట్టి ఇది ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి.

ఇవన్నీ ఖరీదు. ప్రయోగాలకి అంత ఖర్చు వద్దనుకుంటే హార్డ్‌వేర్ షాపులో నల్లటి వాటర్ పేపర్ (తడిపి వాడే ఉప్పుకాగితం) దొరుకుతుంది, 400 నుంచి 600 నంబరు వరకు, షీటు కొద్ది రూపాయలే. ఏళ్ళ తరబడి నిలిచే కాగితం కాదు, అమ్మే బొమ్మలకి వాడకండి, చెయ్యి తిరగడానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. ఇంకో దారి, మనమే తయారుచేసుకోవడం. 300 జీఎస్ఎం నీటిరంగుల కాగితం మీద ఆక్రిలిక్ జెస్సోలో (రంగుకి ముందు వేసే అడుగు పూత) మెత్తని ప్యూమిస్ రాతి పొడిగానీ పాలరాతి పొడిగానీ కలిపి, కొద్దిగా నీళ్ళతో పలచన చేసి, ఒక పూత అడ్డంగా, ఆరాక ఇంకోటి నిలువుగా వేయండి. నేను మామూలుగా నాలుగు చెంచాల జెస్సోకి ఒక చెంచా పొడి వేస్తాను. వేళ్ళతో తడిమితే పిల్లి నాలుకలా తగలాలి.

మీ దగ్గర చెడిపోయిన నీటిరంగుల బొమ్మలుంటాయి కదా, దస్తాలకొద్దీ. వాటిని పారేయకండి. కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకుగా ఉండే రకం) కాగితమైతే నేరుగా దానిమీదే పాస్టెల్ వేయొచ్చు. ఇంకా గరుకు కావాలంటే రంగులేని జెస్సో ఒక పూత వేయండి, కాకపోతే ఒకే ఊపులో వెళ్ళిపోవాలి, వెనక్కీ ముందుకీ రుద్దితే కింద నీటిరంగు కరిగి పైకొస్తుంది. నాకు మొదటిసారి బాగా కుదిరిన పాస్టెల్ బొమ్మ, భీమిలి దగ్గర పడవలది, అలా చెడిపోయిన ఒక వాష్ (పలచటి నీటిరంగు పూత) మీద వేసిందే.

ఇంట్లో ఎక్కడ వేయాలి

బొమ్మని బల్లమీద పడుకోబెట్టి వేయకండి. ఈజిల్ మీద నిలువుగా, పైభాగం ఒక పిసరు మీవైపు వాలేటట్టు పెట్టండి. రాలిన పొడి బొమ్మ మీద పడకుండా నేరుగా కిందికి వెళ్తుంది. బొమ్మ అడుగున అల్యూమినియం ఫాయిల్‌ని కాలవలా మడిచి టేపుతో అంటించండి, పొడంతా అందులో చేరుతుంది. ఆ పొడి పారేయకండి, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఫ్యాను ఆపేయాలి. విశాఖలో మే నెలలో ఇది చెప్పడం తేలికే గానీ చేయడం కష్టం, అందుకని నేను పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి ఆపేస్తాను. ఫ్యాను వేసుకుని వేసిన రోజున సాయంత్రం అమ్మ వచ్చి, "ఇదేంట్రా, పక్కగదిలో దేవుడి పటాల మీద కూడా నీలం రంగు ఉంది" అంది. పటాలు తుడుచుకోవచ్చు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తేనే బాధ. బొమ్మ మీద పొడిని నోటితో ఊదకండి, ఈ ఒక్క అలవాటు మానితే సగం జాగ్రత్త తీసుకున్నట్టే. ఊదే బదులు బోర్డుని బాల్కనీలోకి తీసుకెళ్ళి వెనకనుంచి రెండు దెబ్బలు తట్టండి. ఎన్-95 మాస్కు పెట్టుకోండి. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ ఉంటాయి, డబ్బా మీద హెచ్చరిక రాసి ఉంటే చదవండి. నేల చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి. వేస్తూ వేస్తూ టీ తాగడం, మురుకులు తినడం వద్దు. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళో చిన్నపిల్లలో ఉంటే వేరే గది, మూసుకునే తలుపు ఉండాల్సిందే.

చెయ్యి మార్చుకోవడం

నీటిరంగుల్లో లేత నుంచి ముదురుకి వెళ్తాం, తెలుపు అంటే కాగితమే, దాన్ని మొదటినుంచీ కాపాడుకుంటూ వస్తాం. పాస్టెల్‌లో దారి తలకిందులు. ముదురు ముందు, లేత తర్వాత, మెరుపు చిట్టచివర. ఆయిల్, ఆక్రిలిక్ వాళ్ళకి ఇది ఎలాగూ అలవాటే. కానీ వాళ్ళకీ మనకీ కలిపి పెద్ద చిక్కు వేరే ఉంది. మిగతా అన్ని రంగుల్లోనూ కాగితం దాకా రాకముందే, పాలెట్ మీద, రంగు కలుపుకుంటాం. కొంచెం ఎరుపు, కొంచెం నీలం, నచ్చేదాకా కలిపి అప్పుడు బ్రష్షు తీసుకెళ్తాం. పాస్టెల్‌కి పాలెట్ లేదు. ఉన్న ముక్కల్లోంచే ఎంచుకోవాలి, కలపాలంటే బొమ్మ మీదే కలపాలి.

అక్కడే నేను పప్పులో కాలేశాను. కలపడం అంటే వేలితో రుద్దడం అనుకున్నాను. రెండు రంగులు వేసి రుద్దితే నున్నగా కలుస్తాయి, నిజమే, చూడటానికి మొదట ముచ్చటగా ఉంటుంది. మూడో రంగు వేసి రుద్దేసరికి మురికి రంగు వస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఏంటంటే, రుద్దినప్పుడు పొడి గరుకు సందుల్లో నిండిపోతుంది, కాగితం పైన మెరుపు పోతుంది, తర్వాత పొర ఎక్కడానికి చోటుండదు. పాస్టెల్ అందమంతా పొడి రేణువులు ఎగుడుదిగుడుగా కూర్చుని వెలుతురుని అటూ ఇటూ చిమ్మడంలో ఉంది. రుద్ది చదును చేస్తే ఆ వెలుగు చచ్చిపోతుంది.

కాబట్టి మొదటి పదిహేను రోజులు ఒక నియమం పెట్టుకోండి: వేలు కాగితానికి తగలకూడదు. ఆకుపచ్చ కావాలంటే పసుపు పట్టీ మీద నీలం గీతలు కాస్త ఎడంగా వేయండి, సందుల్లోంచి పసుపు కనపడనివ్వండి, నాలుగడుగులు వెనక్కెళ్ళి చూడండి. డబ్బాలో దొరికే ఏ ఆకుపచ్చకీ లేని ప్రాణం దానికి ఉంటుంది. ఫ్రాన్స్‌లో దెగా అనే చిత్రకారుడు చివరి దశాబ్దాల్లో వేసిన పాస్టెల్స్ దగ్గరనుంచి చూస్తే ఇలాంటి గీతల పొరలే, ఒకదాని మీద ఒకటి, మధ్యమధ్య ఫిక్సేటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టి ఆపుతూ. పదిహేను రోజులయ్యాక దూరపు కొండల్లాంటి చోట మెత్తదనం కావాలంటే మొదటి పొర ఒక్కటీ రుద్దండి, పైపొరలు మాత్రం ముట్టుకోకండి.

మరి మనకి కావాల్సిన రంగు అసలు డబ్బాలోనే లేకపోతే? ఇక్కడే పాస్టెల్ నాకు నేర్పిన అసలు సంగతి ఉంది. రంగు తప్పినా పరవాలేదు గానీ ముదురు లేత తప్పకూడదు. చెట్టునీడ ఊదాగా వేసినా, నీలంగా వేసినా, ముదురు ఆకుపచ్చతో వేసినా, అది చుట్టుపక్కల వాటికంటే సరిగ్గా ఎంత ముదురుగా ఉండాలో అంతే ఉంటే, చూసేవాళ్ళకి నీడలాగే కనపడుతుంది. ముదురు తప్పితే రంగు ఎంత కచ్చితంగా ఉన్నా అది నీడ కాదు, మచ్చ. దీనికి ఒక అభ్యాసం చేయండి. మీ ముక్కలన్నీ ఒక ట్రేలో పోసి, రంగుతో పనిలేకుండా ముదురు నుంచి లేతకి నాలుగు వరసలుగా పేర్చండి. పేర్చాక ఫోన్లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. ఎర్రటి ముక్క లేతది అనుకుని పెట్టి ఉంటారు, అది చూస్తే ముదురు వరసలో ఉండాల్సింది. నాకు మొదటిసారి పదకొండు తప్పులొచ్చాయి. ఆ నాలుగు వరసలనే ఇక మీ పాలెట్ అనుకోండి, ఎప్పుడూ అలాగే ఉంచండి. వేసేటప్పుడు ముందు ఏ వరస అని అడగండి, తర్వాత ఆ వరసలోంచి ఏ రంగు అని.

మూడు వంకాయలు

పాస్టెల్ పని చేసే తీరు మొత్తం ఒక్క బొమ్మలో తెలియాలంటే వంకాయలు వేయండి. నల్లటి ముదురు ఉంటుంది, నిగనిగలాడే మెరుపు ఉంటుంది, ముచ్చిక దగ్గర మెత్తని ఆకుపచ్చ ఉంటుంది. మూడు కాయలు ముతక గుడ్డ మీద పెట్టి ఒక పక్కనుంచే వెలుతురు వచ్చేటట్టు కిటికీ దగ్గర పెట్టండి.

మధ్యరకం బూడిద రంగు కాగితం తీసుకోండి. తెల్లకాగితం అలవాటున్న మనకి ఇది కొత్త, కానీ కాగితమే మధ్య టోన్ అయితే ముదురూ లేతా రెండూ మొదటి గీతనుంచే కనపడతాయి. స్కెచ్ మామూలు పెన్సిల్‌తో వద్దు, గ్రాఫైట్ నున్నగా ఉంటుంది, దానిమీద పాస్టెల్ జారుతుంది. గట్టి పాస్టెల్‌తోనో బొగ్గుతోనో లేతగా ఆకారాలు గీయండి.

కళ్ళు సగం మూసి చూడండి. కాయలో నీడవైపు, కాయ కింద గుడ్డ మీద పడిన నీడ, రెండూ కలిసిపోయి ఒకే ముదురు ముద్దలా కనపడతాయి. అలాగే వేయండి, మధ్యలో గీత పెట్టకుండా. నలుపు వాడొద్దు. గట్టి ముదురు నీలం పక్కతో ఒక పొర, దానిమీద ముదురు ఊదా, అక్కడక్కడా ముదురు గోధుమ. మూడూ తేలికచేత్తో, బరువు వేయకుండా, మొదటి పొరలకి ముక్కని కాగితం మీద ఆనించి లాగడమే తప్ప నొక్కడం ఉండదు. మొదట్లోనే నొక్కేస్తే సందులన్నీ నిండి, తర్వాత రావాల్సిన వాటికి చోటు లేకుండా పోతుంది.

వెలుతురు వైపు మధ్యరకం ఊదా, కాయ ఒంపు ఎటుంటే అటే లాగండి. తర్వాత గుడ్డ. కాయ పూర్తిచేసి గుడ్డకి వెళ్దాం అనుకోకండి, అన్నీ కలిసే పైకి రావాలి. గుడ్డకి మట్టిపసుపు వేశాక కాయ అడుగు అంచు చూడండి, ఆ గుడ్డ వెలుతురు కాయ మీద పడి సన్నగా, గోధుమరంగు కలిసిన ఊదా ఒకటి కనపడుతుంది. దాన్ని ఒక్క గీతగా పెడితే కాయ అక్కడికక్కడే గుండ్రంగా లేస్తుంది. అయితే అది ఎంత వెలిగినా నీడవైపుదే, వెలుతురు వైపు ఊదా కంటే ముదురుగానే ఉండాలి. ముచ్చిక ఆకుపచ్చ మనం అనుకునేంత పచ్చగా ఉండదు, కొంచెం బూడిద, కొంచెం ఊదా కలిసి ఉంటుంది. ఊదా మీదే ఆకుపచ్చ వేయండి, కింది రంగు తొంగిచూడనివ్వండి.

చివరికి మెరుపు. కిటికీ ఆకాశం చూపిస్తోంది కాబట్టి వంకాయ మీద మెరుపు తెలుపు కాదు, లేత నీలం. మీ దగ్గరున్న అన్నిట్లోకీ మెత్తని ముక్క తీసుకుని, మూల సరిచూసుకుని, ఒకే ఒక్కసారి నొక్కి లాగి చెయ్యి తీసేయండి. దాని మధ్యలో ఆవగింజంత మెత్తని తెలుపు. అంతే, ఇంక దాని జోలికి వెళ్ళొద్దు. నేను మొదటిసారి ఆ మెరుపు అంచు గరుకుగా ఉందని వేలితో సర్దబోయాను. కిందున్న ముదురు నీలం అందులోకి వచ్చేసి మెరుపు కాస్తా పండు కుళ్ళిన మచ్చలా అయింది. గంటన్నర పని రెండు క్షణాల్లో పోయింది.

పోయినా బాగుచేసుకోవచ్చు, అది పాస్టెల్‌లో ఉన్న గొప్ప సుఖం. గట్టి వెంట్రుకల పాత ఆయిల్ బ్రష్షు తీసుకుని ఆ భాగం వరకు దులిపేయండి, పొడి రాలిపోయి గరుకు మళ్ళీ బయటపడుతుంది. ఇంకా మరక మిగిలితే ముద్దరబ్బరుతో (పిండిలా నలిపి వాడే మెత్తటి రబ్బరు) అద్ది అద్ది తీయండి, రుద్దకండి. తర్వాత మళ్ళీ ముదురుతో మొదలు. నీటిరంగుల్లో ఇలాంటి రెండో అవకాశం మనకెప్పుడుంది?

మీకు వచ్చిన విద్యని కింద పరవండి

పాత మీడియం పూర్తిగా వదిలేయమని నేను చెప్పను. దాన్ని కిందికి పంపాలి. ఇసుకపూత కాగితం మీద నీటిరంగుల వాష్ వేసి, ఆరాక పాస్టెల్ మొదలుపెట్టండి. వాష్ పారినచోట్ల వచ్చే అనుకోని అంచులు పాస్టెల్ పొరల సందుల్లోంచి కనపడుతూ ఉంటే ఆ బొమ్మకి వచ్చే లోతు వేరు. నాకు నచ్చే పద్ధతి, రావాల్సిన రంగుకి ఎదురు రంగు కింద వేయడం. పొలం వేయాలంటే కింద నారింజ, ఇటుక రంగు వాష్. పైన ఆకుపచ్చ గీతలు పడ్డాక సందుల్లో ఆ వేడి రంగు మినుకుమంటుంది, కోనసీమ వరిచేల మీద సాయంత్రపు ఎండ పడ్డట్టే ఉంటుంది. ఆక్రిలిక్ వాళ్ళు పలచటి ఆక్రిలిక్ వేయండి, మందంగా వేస్తే ప్లాస్టిక్ పొరలా అయి గరుకు మూసుకుపోతుంది. ఆయిల్ వాళ్ళు టర్పెంటైన్‌తో బాగా పలచన చేసిన వాష్ వేయొచ్చు, పూర్తిగా ఆరాలి, జిడ్డు మిగలకూడదు. ఇంకో పద్ధతి, మొదటి పొర పాస్టెల్‌నే వేసి దానిమీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని బ్రష్షుతో రాయడం. పొడి కరిగి రంగులా పారుతుంది, నిమిషాల్లో ఆరిపోతుంది, కాగితం ముడతపడదు. దగ్గర్లో దీపం, అగరుబత్తి లేకుండా, కిటికీ తెరిచి చేయండి.

ఇలా కలిపి వాడటం కొత్త సంగతేం కాదు. దెగా మోనోటైప్ (పలక మీద ఇంకుతో వేసి కాగితం మీదికి తీసే అచ్చు) ముద్రలమీద పాస్టెల్ వేశాడు, ప్యారిస్ ఆర్సే మ్యూజియంలో ఉన్న ఆయన నాట్యకత్తె బొమ్మ, 1876 ప్రాంతానిది, అలాంటిదే. మన దగ్గర బెంగాలీ చిత్రకారుడు జోగేన్ చౌధురి ఇంకూ పాస్టెలూ కలిపి వేసిన బొమ్మలు చూడండి, ఇంకు గీతల వల మీద పాస్టెల్ ఎంత మెత్తగా కూర్చుంటుందో తెలుస్తుంది. ఇంత వయసొచ్చాక కొత్త మీడియం ఏంటి అనుకునేవాళ్ళకి ఫ్రెంచి చిత్రకారుడు షార్డాన్ ఉన్నాడు. జీవితమంతా ఆయిల్‌లో గిన్నెలూ పళ్ళూ వేసి పేరు తెచ్చుకున్నాడు, కళ్ళు దెబ్బతినడంతో పాస్టెల్ పట్టాడు, 1771లో ప్యారిస్ సలోన్ అనే చిత్రప్రదర్శనలో పాస్టెల్ ముఖాలు పెట్టాడు. అప్పటికాయన వయసు డెబ్బై దాటింది. కళ్ళద్దాలతో, తలగుడ్డతో తనని తాను వేసుకున్న ఆ బొమ్మలు ఇప్పుడు ప్యారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి.

ఫిక్సేటివ్, ఫ్రేము, వానాకాలం

ఫిక్సేటివ్ కొడితే బొమ్మ ముదురుతుంది, లేతరంగులు మరీ దెబ్బతింటాయి. మధ్య పొరల్లో కొట్టుకోవడం మంచిదే, కొంచెం గరుకు కూడా తిరిగి వస్తుంది. ఒక అడుగు దూరంనుంచి, ఆరుబయట, పలచగా, ఆరనిచ్చి ఇంకోసారి. చివరి మెరుపులు పెట్టాక మాత్రం నేను కొట్టను. అమ్మకానికని వేసిన ఒక బొమ్మకి, భయంకొద్దీ, చివర్లో తడిసేలా కొట్టేశాను. సముద్రం మీద పెట్టిన తెల్లటి మెరుపులన్నీ కళ్ళముందే ఇంకిపోయాయి.

ఫ్రేము కట్టించేటప్పుడు మీరే దగ్గరుండండి. బొమ్మకీ గ్లాసుకీ మధ్య మౌంట్ (చుట్టూ పెట్టే అట్ట చట్రం) గానీ స్పేసర్ (ఎడం ఉంచే సన్నని పట్టీ) గానీ తప్పనిసరి. ఒకచోట ఎంతో వివరంగా చెప్పి ఇచ్చి వచ్చినా, గ్లాసుని నేరుగా బొమ్మ మీద పెట్టి బిగించేశారు, విప్పితే ఆకాశం సగం గ్లాసుకి అంటుకుని వచ్చింది. ఆ రోజు చాలా బాధపడ్డాను. గ్లాసు బదులు ఆక్రిలిక్ షీటు కూడా వద్దు, దానికి పుట్టే స్టాటిక్ పొడిని లాక్కుంటుంది. ఫ్రేము కట్టని బొమ్మల మీద గ్లాసిన్ అనే నున్నటి పలచని కాగితం పరిచి, కదలకుండా టేపు వేసి పడుకోబెట్టి ఉంచండి. సముద్రం పక్క ఊళ్ళలో ఉండేవాళ్ళకి వానాకాలంలో బూజు భయం ఉంటుంది, బయటి గోడకి తగిలించకండి, పెట్టెలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి నెలకోసారి తీసి చూడండి.

ముక్కలు ఒకదానికొకటి తగిలి కొన్నాళ్ళకి అన్నీ ఒకే బూడిద రంగులోకి వస్తాయి. ఒక డబ్బాలో బియ్యం పోసి ముక్కలు అందులో వేసి మెల్లగా ఊపండి, మురికంతా బియ్యానికి అంటుకుని ముక్కలు కొత్తవాటిలా బయటికొస్తాయి. బొంబాయి రవ్వ అయితే మెత్తని ముక్కలకి ఇంకా నయం. ఆ బియ్యం, రవ్వ మళ్ళీ వంటకి గానీ, పిట్టలకి గానీ వేయకండి, డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

ఫాయిల్ కాలవలో చేరిన పొడి సంగతి చెప్తానన్నాను. దాన్ని ఒక సీసాలో పోసి ఉంచండి. నాలుగైదు చెంచాలయ్యాక మాస్కు, గ్లౌజులు వేసుకుని చుక్కచుక్కగా నీళ్ళు కలిపి, చపాతీపిండిలా ముద్దచేసి, వేలెడు ముక్కలుగా చుట్టి నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టండి. అన్ని రంగులూ కలిసిన ఒక బూడిద వస్తుంది, ప్రతిసారీ వేరే బూడిద, ఏ షాపులోనూ దొరకదు. నేను పోయిన నెల చేసినవి కాస్త ఊదా తిరిగాయి, వంకాయలు ఎక్కువ వేశాను కదా. ఇప్పుడు యారాడ కొండ మీద మబ్బులకి అవే వాడుతున్నాను.